మగ్గం గుంతలో కొవ్వు

అశోక్ చౌక్ వెనక గల్లీలో సాంచెల చప్పుడు, కరెంటు మగ్గాల చప్పుడు, ఆగదు. పొద్దున కార్ఖానా షట్టర్ లేచినప్పటినుంచి రాత్రి పాళీ దిగేదాకా గోడలు అదురుతూనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు తల పగిలిపోతుంది. ఉన్నవాళ్లకు ఆ చప్పుడు వినపడనే వినపడదు. అక్కడ అందరూ గట్టిగా మాట్లాడతారు, గుట్టుమాటలు కూడా. గడపల దగ్గర ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, ఆ చప్పుడు మీదుగానే ఇరుగుపొరుగు సంగతులన్నీ చెప్పుకుంటారు.

ఆ గల్లీ మలుపులో సిద్ధరాములు ఖానావళి, భోజనాల హోటల్, ఉండేది. బయట బోర్డు మీద 'స్టార్ దర్బార్ మటన్ ఖానావళి' అని రాయించుకున్నాడు. లోపల దర్బారు ఎంతంటే, నాలుగు బల్లలు వేస్తే ఐదోదానికి చోటు లేదు. సిద్ధరాములును గల్లీలో ఎవరూ సేట్ అని పిలవలేదు. అందుకని తన్ను తానే పిలుచుకునేవాడు. ఎవరైనా బాకీ అడగడానికి వస్తే "సేట్ లేడు" అని లోపలినుంచి సేటే అరిచేవాడు.

అతని తండ్రి పెంటప్ప. ఇప్పుడు దర్బారు వంటగది ఉన్నచోటే, గుంట మగ్గం మీద బతుకంతా నేశాడు. నేలలో నడుములోతు గుంత ఉండేది. గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి దింపి, అడుగున ఉన్న రెండు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పైన పడుగు పోగులు విడిపోయేవి, వాటి నడుమ అడ్డ పోగును మోస్తూ నాడె అటూ ఇటూ పరుగెత్తేది. గుంతలో కాలు పెట్టేముందు పెంటప్ప చెప్పులు దూరంగా విడిచి, గట్టుకు దండం పెట్టుకునేవాడు. కొడుకును ఎన్నిసార్లు పక్కన కూర్చోబెట్టుకున్నా వాడు నిలవలేదు. "తొక్కు బిడ్డా, మెల్లగ తొక్కు" అని తండ్రి అంటుండగానే కాలు గుంజుకుని పారిపోయేవాడు. పెద్దయ్యాక సిగ్గుపడాల్సింది పోయి, దాన్నే గొప్పగా చెప్పుకున్నాడు.

"నాకు నేసుడు రాదు. రావద్దు గూడ. సచ్చేదాక గుంతల కాళ్లు పెట్టుకొని కూసుండుడు గూడ ఒక బతుకేనా?"

ఈ మాట ఎవరి ముందు అనేవాడనుకున్నారు? పొద్దంతా సాంచెల ముందు నిలబడి, ఆకలితో వచ్చి అతని బల్లల మీద కూర్చున్న నేతపనివాళ్ల ముందే. వాళ్లు వినీ విననట్టు జొన్న భాక్రీ తుంచుకుని తినేవాళ్లు. వాళ్ల ఆకలి మీదే తన పొయ్యి వెలుగుతోందని ఆ బుర్రకు ఏనాడూ తోచలేదు.

పెంటప్ప పోయేనాటికి మగ్గం మీద తొమ్మిది గజాల చీర ఒకటి నడుమలో ఉంది. రుద్రాక్ష అంచు చీర. ఆ గల్లీలో ఒక పద్ధతి ఉంది. నేసేవాడు చీర మధ్యలో పోతే, కొడుకో తమ్ముడో గుంతలో దిగి దాన్ని ముగించాలి. చేతకాకపోతే రెండు పోగులైనా కొట్టి, మిగతాది తెలిసినవాళ్ల చేత నేయించాలి. అంతేగానీ సగంలో కత్తి పెట్టకూడదు. ఎదురింటి సుందరాబాయి వచ్చి ఆ మాటే చెప్పింది. ఆమె పెంటప్పకు చెల్లెలు. నేతింట పుట్టి, నేతింట మెట్టి, మొగుడు పోయాక బీడీలు చుట్టుకుని బతుకుతోంది.

"సగం చీర కొయ్యొద్దురా సిద్ధూ. నీతోని గాకుంటే నాకు జెప్పు. మా అన్న చీర, నేను కూసుంట."

"అత్తా, నువ్వు బీడీలు చుట్టుకో. నా ధందా నేను జూస్కుంట."

కూరగాయలు తరిగే కత్తితోనే కోసేశాడు. మగ్గాన్ని విప్పి అటక మీద పడేశాడు. నేసినంత చీరను ముక్కలు చేసి వంటింట్లో మసిగుడ్డలు చేశాడు. తండ్రి ఆఖరి పనితనం పట్టుకుని, సలసల కాగే మటన్ దేగిసాలు దించుకునేవాడు. అతని భార్య ద్రౌపది ఒక్క ముక్కను మాత్రం దాచింది. కత్తి కోత పడ్డ అంచు అందులోనే ఉంది. దాన్ని రోజూ ఉతికి మేకుకు తగిలించేది. "మసిగుడ్డకు సబ్బెందుకే పిచ్చిదానా?" అని సేట్ పగలబడి నవ్వేవాడు.

ఇక కొవ్వు సంగతి. మటన్ ఖానావళి నడిచిందంటే కొవ్వు ఉంటుంది. దేగిసాలు కడిగిన నీళ్లు, మాడిన నూనె, పులుసు మీద తేలిన కొవ్వు అన్నీ వంటింటి మోరీలోంచి గల్లీ కింది డ్రైనేజీలోకి పోయేవి. వేడిగా ఉన్నప్పుడు అది నీళ్లలాగే పోతుంది. పైపులో చల్లారాక గోడలకు పట్టుకుని గడ్డ కడుతుంది. దాని మీద ఇంకొంత, ఆ మీద ఇంకొంత. అందుకే డ్రైనేజీ ఇన్స్పెక్టర్ తిరిగి తిరిగి అందరికీ చెప్పాడు. ప్రతి హోటల్లో ఒక గుంత కట్టాలి, జిడ్డునీళ్లు అందులో నిలవాలి, కొవ్వు పైకి తేలాలి, నీళ్లు మాత్రం అడుగునుంచి పైపులోకి పోవాలి, తేలిన కొవ్వును ఎప్పటికప్పుడు ఎత్తిపోయాలి. మిగతావాళ్లు తిట్టుకుంటూనే గుంతలు తవ్వించారు. సిద్ధరాములుకు ఇంట్లో ఉన్న గుంత గుర్తొచ్చింది.

తండ్రి కూర్చున్న గుంతకు సిమెంటు పూయించి, వంటింటి మోరీని అందులోకి తిప్పాడు. అంతటితో ఆగినా ఒక రకం. బయటికి పోయే పైపును అడుగున పెట్టాల్సింది పోయి పైన పెట్టాడు. అడుగున పెడితే కొవ్వు నిలిచిపోతుంది, ఎత్తిపోసే పని పడుతుంది. పైన పెడితే తేలిన కొవ్వు తేలినట్టే గల్లీలోకి జారిపోతుంది, సేట్ గారి చేతికి జిడ్డు అంటదు. మీద షాబాదు బండలు పరిచాడు. ఇన్స్పెక్టర్ వస్తే ఒక బండ పక్కకు జరిపి, "చూడండి సాహెబ్, ఎంత లోతో" అని చూపించేవాడు. దొంగపనికి ఇంత తెలివి ఎక్కడినుంచి వస్తుందో మరి.

ఆ ఏడు గటారి అమావాస్య వచ్చింది. మర్నాటినుంచి శ్రావణం, నెలంతా ముక్క ముట్టరు. అందుకని ఆ ఒక్కరోజు ఊరు ఊరంతా కడుపు పగిలేలా తింటుంది. దర్బారులో పొయ్యి ఆరలేదు. సాయంత్రానికి కట్టెలు అయిపోయాయి. బల్లల మీద జనం కేకలేస్తున్నారు. సిద్ధరాములు నిచ్చెన వేసుకుని అటక ఎక్కి మగ్గాన్ని దింపాడు. నాడె, పలక, ఆఖరికి రెండు తొక్కుడు చెక్కలు, అన్నీ గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టాడు. తండ్రి అరికాళ్లు రాసుకుని రాసుకుని నున్నబడ్డ చెక్కలవి. ద్రౌపది పొయ్యి ముందునుంచి లేచి బయటికి వెళ్లిపోయింది.

"పాత కట్టె, ఎంత మంచిగ మండుతున్నదో సూడు!" అన్నాడు సేట్. ఆ రోజు కారిన కొవ్వంతా గుంతలోకే పోయింది.

శ్రావణం వచ్చి వారం దాటేసరికి గల్లీ డ్రైనేజీ బిగుసుకుపోయింది. అందరికంటే పల్లంలో ఉన్న గడప సుందరాబాయిది. మురుగు ఆమె గదిలోకి తన్నింది. తునికాకు కట్టలు, సగం చుట్టిన బీడీలు, ఆమె వారం కష్టం నీళ్లలో తేలింది. ఆమె వెళ్లి గొంతు చించుకుంటే ఇన్స్పెక్టర్ వచ్చాడు. ఈసారి బండ పక్కకు జరిపించి ఊరుకోలేదు. పున్నమి మర్నాడు మనుషులతో వస్తానని, గల్లీ డ్రైనేజీ చాంబర్ మూత తీయిస్తానని, గుంతలో కర్ర పెట్టి పైపు ఎక్కడుందో చూస్తానని చెప్పాడు. కొవ్వు ఇక్కడినుంచే వస్తోందని తేలితే ఖానావళికి తాళం.

సిద్ధరాములు కూర్చుని లెక్క వేసుకున్నాడు. తాళం పడితే ఏముంది? తానూ కార్ఖానాకు పోయి, ఇన్నాళ్లూ ఎవరినైతే ఎగతాళి చేశాడో వాళ్ల పక్కనే సాంచె ముందు నిలబడటమే. చావుకన్నా అతనికి ఆ భయమే ఎక్కువ.

బాగా ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. శ్రావణంలో వచ్చే నూలు పున్నమి నాడు నేతవాళ్ల దేవుడు మార్కండేయ స్వామి రథం తిరుగుతుంది. ఆ రోజు సాంచెలన్నీ బంద్, గల్లీలన్నీ ఖాళీ. ఆ సందు చూసుకుని గుంతలోని కొవ్వు ఎత్తి, సుందరాబాయి గడప ముందున్న చాంబర్‌లో పారబోసి, పైపును కిందికి మార్చేస్తే సరి. రేపు కొవ్వు దొరికినా ముసలమ్మ గడప ముందే దొరుకుతుంది. చేసిందంతా చేసి, మళ్లీ ఆమె నెత్తినే.

పున్నమినాడు ద్రౌపది కొత్త చీర కట్టుకుని గడపలో నిలబడింది.

"రథానికి రావా? అందరు అడుగుతరు."

"తల నొస్తుందని చెప్పు. పో."

ఆమె బండల వైపు చూసింది. "ఇయ్యాల మాత్రం దాన్ని ముట్టకు. మామ ఈ దినం గుంతకు పసుపు కుంకుమ పెట్టేటోడు."

"ఆయన పసుపు పెట్టిండు, నేను కొవ్వు పెట్టిన. ఏది చిక్కగున్నదో నువ్వే సూడు" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. కొంగు నిండా కప్పుకుని వెళ్లిపోయింది.

రథం ముందు మేళం కొంతం చౌక్ వైపు సాగిపోయింది. డప్పులు చిన్నబడ్డాయి. తర్వాత వినపడలేదు.

సిద్ధరాములు తలుపు దగ్గరికి వేసి నిలబడ్డాడు. ఏదో తేడాగా ఉంది. కాసేపటికిగానీ తెలియలేదు, సాంచెలు ఆగిపోయాయి. పుట్టినప్పటినుంచి చెవుల్లో ఉన్న చప్పుడు లేదు. గోడలు కదలడం లేదు. ఆకాశం మబ్బు పట్టి, మధ్యాహ్నమే వంటిల్లు మసకగా ఉంది. కుండలో నీటిబొట్టు పడితే వినపడింది. తన ఊపిరి తనకే వినపడింది.

బండ పక్కకు లాగాడు.

వాసన ముఖం మీద కొట్టింది. మురిగిన కొవ్వు, కుళ్లిన ఉల్లిగడ్డ, వాటి అడుగున ఇంకేదో సన్నటి వాసన. గంజి వాసన. పడుగుకు పట్టించే గంజి. ఆ ఇంట్లో గంజి కాచి ఏళ్లయింది. సిద్ధరాములు ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు.

గల్లీ డ్రైనేజీ బిగుసుకున్నాక పోయే దారి లేక, గుంత నిండా కొవ్వు తెల్లగా గడ్డకట్టి ఉంది. పారతో కొట్టి, తట్టలోకి ఎత్తి, గల్లీలోకి మోశాడు. సుందరాబాయి గడపకు తాళం వేసి ఉంది. చాంబర్ మూత జరిపి తట్ట బోర్లించాడు. లోపల పడ్డ చప్పుడు రాలేదు. ఎవరో అందుకున్నట్టుగా... మెత్తగా పోయింది. "అబ్బ, ఎంత లోతుందో" అనుకుని నవ్వుకున్నాడు. తప్పు చేసేటప్పుడు కూడా వాడికి నవ్వే.

నాలుగైదు తట్టలు మోశాడు. చొక్కా తడిసి ముద్దయింది. గుంతలోకి చూస్తే కొవ్వు అంగుళం కూడా దిగలేదు. పార పెట్టిన చోటల్లా మళ్లీ నున్నగా కమ్ముకుపోయింది.

అప్పుడు వినపడింది.

టక్.

పార చేతిలోనే ఆగింది.

టక్... టక్.

ఎవడో పండగనాడు కూడా సాంచె నడుపుతున్నాడనుకున్నాడు. తలుపు తీసి చూశాడు. కార్ఖానా షట్టర్‌కు తాళం ఉంది, తాళానికి పసుపు కుంకుమ ఉంది. గల్లీలో ఒక కుక్క కూడా లేదు. పైగా అది సాంచె చప్పుడు కాదు. సాంచె దడదడలాడుతుంది. ఇది ఆగి ఆగి వస్తోంది, తొందర లేని చప్పుడు. చిన్నప్పుడు గోడవతల పడుకుని విన్న చప్పుడు.

చాంబర్‌లోంచి వస్తోంది. కాదు... గుంతలోంచి.

"ఎలుకలు" అన్నాడు పైకే. ఆ ఖాళీ ఇంట్లో తన గొంతు తనకే నచ్చలేదు. పోనీ వదిలేసి రథం దగ్గరికి పోదామా అనిపించింది. ఆ ఒక్కసారి మనసు చెప్పిన మాట విని ఉంటే బాగుండేది. కానీ రేపటి తాళం కళ్లముందు ఆడింది. పైపులో ఏదో అడ్డుపడి ఉంటుంది, దాన్ని లాగితే కొవ్వంతా ఒక్కసారే దిగిపోతుంది, పని తీరిపోతుంది అనుకున్నాడు. లుంగీ ఎగదోసి, గట్టు మీద కూర్చుని, చెప్పులతోనే కాళ్లు గుంతలోకి దింపాడు.

కొవ్వు చల్లగా లేదు. ఒంటి వేడి ఉంది.

మోకాళ్లు మునిగాయి. తొడలు మునిగాయి. అడుగున సిమెంటు తగలాలి. మేస్త్రీ చేత దగ్గరుండి పూయించింది, నున్నటి సిమెంటు.

తగిలింది సిమెంటు కాదు.

చెక్క.

ఎడమ కాలి కింద ఒకటి. కుడి కాలి కింద ఒకటి. చెప్పులు ఎప్పుడు జారిపోయాయో తెలియదు. అరికాళ్ల కింద నున్నటి చెక్కలు, పక్కపక్కనే, పాదం పట్టేంత వెడల్పు. తన చేతులతో గొడ్డలి పెట్టి చీల్చిన చెక్కలు. బూడిదై, దేగిసాలు తోమడానికి పనికొచ్చిన చెక్కలు.

రెండు చేతులూ గట్టుకు ఆనించి పైకి లేవబోయాడు. ఎడమ కాలు మీద బరువు పడింది. ఎడమ చెక్క దిగింది. కుడి చెక్క లేచింది.

టక్.

పైపులోపల ఏదో ఈ చివరినుంచి ఆ చివరికి పరుగెత్తింది. గల్లీ కింద... సుందరాబాయి గడప దాకా. ఆగింది. అక్కడ ఎదురుచూస్తోంది.

"ద్రౌపదీ..."

కాలు గుంజాడు. చిన్నప్పుడు గుంజుకున్నట్టే గుంజాడు. అప్పుడు వదిలిన చెయ్యి ఇప్పుడు వదల్లేదు. కొవ్వు తొడల చుట్టూ బిగిసింది. కుడి కాలు మీద బరువు పడింది.

టక్.

పరుగెత్తింది. వెనక్కి వచ్చింది.

"ఇడిసిపెట్టు..." అని గొణిగాడు. "ఇడిసిపెట్టు నాయినా... నాకు రాదు... నాకు నేసుడు రాదు..."

చెవి దగ్గర, వెనకనుంచి, గంజి వాసనతో, చాలా మెల్లగా...

"తొక్కు బిడ్డా."

కోపం లేదు ఆ గొంతులో. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. తిట్టినా, కొట్టినా ఎదురు తిరిగేవాడు. అది అతనికి అలవాటే. ఆ గొంతు ఓపికగా ఉంది. ఎంతకాలమైనా కూర్చుని నేర్పేలా ఉంది.

"మెల్లగ తొక్కు."

సిద్ధరాములు ఏడ్చాడు. తొక్కాడు. గోడ మీద మసక వెలుతురు పైకి పాకి, పోయింది. ఎంతసేపు తొక్కాడో అతనికి తెలియదు.

దీపాలు పెట్టే వేళకు ద్రౌపది ప్రసాదంతో వచ్చింది. ఆమె కేకకు గల్లీ అంతా వచ్చింది. మొగుడు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు గుంతలో ఊగుతున్నాయి, చేతులు గాలిలో దేన్నో అటూ ఇటూ విసిరి అందుకుంటున్నాయి. గుంతలో కొవ్వు లేదు. చుక్క లేదు. అడుగున నున్నటి సిమెంటు మీద అతని రబ్బరు చెప్పులు మాత్రం, ఎవరో తీసి పక్కన పెట్టినట్టు, జతగా ఉన్నాయి.

నలుగురు పట్టి లాగితేగానీ లేవలేదు. గడప పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. జ్వరం. నోట మాట లేదు. కాళ్లు మాత్రం దుప్పటి కింద ఎడమ, కుడి... ఎడమ, కుడి... ఆడుతూనే ఉన్నాయి. ద్రౌపది వాటి మీద కూర్చుంది. అయినా ఆగలేదు.

మర్నాడు పొద్దున సాంచెలు మొదలయ్యాయి. గోడలు మళ్లీ అదిరాయి. సిద్ధరాములుకు ఆ చప్పుడు ఎన్నడూ లేనంత తియ్యగా వినపడింది. అన్న మాట ప్రకారం ఇన్స్పెక్టర్ వచ్చాడు. మంచం మీదినుంచి తలుపు సందులో అంతా కనపడుతోంది. సుందరాబాయి గడప ముందు మూత తీశారు. పనివాళ్లు పైనుంచే పొడవాటి కొక్కెం దింపి, దేనికో తగిలించి, లాగారు.

తెల్లటిది వచ్చింది. అది గడ్డ కాదు. పొడుగ్గా, వెడల్పుగా, తడిగా, మడతలు పడుతూ వస్తోంది. లాగినకొద్దీ వస్తోంది. కొవ్వే, వాసన కొవ్వుదే. కానీ దాంట్లో నిలువు పోగులున్నాయి, అడ్డ పోగులున్నాయి. రెండు వైపులా రుద్రాక్షలంత బొడిపెలు వరసగా ఉన్నాయి.

"హే కాయ్ ఆహే?" అని, ఇదేమిటని, మరాఠీలో అడిగాడు ఇన్స్పెక్టర్. అక్కడ నిలబడ్డవాళ్లలో నేత తెలియనివాడు ఆయనొక్కడే.

ద్రౌపది లేచి వంటింట్లోకి వెళ్లి, మేకుకున్న మసిగుడ్డ తెచ్చింది. వంగి, కత్తి కోసిన ఆ అంచును తెల్లదాని మొదటి అంచు పక్కన పెట్టింది. కోత వంకరకు వంకర సరిపోయింది. అంచు రుద్రాక్ష సగం గుడ్డలో ఉంది. మిగతా సగం కొవ్వులో ఉంది.

సుందరాబాయి నేల మీద కూర్చుండిపోయింది. తాకకుండా, వేలు మీదుగా జరుపుతూ చదివినట్టు చూసింది.

"ఇది మా అన్న చెయ్యి" అంది మెల్లగా. వేలు ఇంకొంచెం జరిగింది. అక్కడ ఆగింది. "ఈడికెల్లి చెయ్యి మారింది. అంచు వంకర బోతున్నది. ఎవనికో కొత్త... ఎవడో నేర్చుకుంటున్నడు."

ఆమె తల తిప్పి తలుపు వైపు చూసింది. మంచం మీద దుప్పటి కదులుతోంది. ఎడమ, కుడి. అది కదిలినప్పుడల్లా చాంబర్‌లోంచి చీర ఇంత పొడుగు పైకి వస్తోంది. పనివాళ్లు అప్పటికే కొక్కెం వదిలేశారు.

ఇన్స్పెక్టర్ రెండడుగులు వెనక్కి వేశాడు. చేతి వేళ్లతో కత్తెర చూపించి అరిచాడు. "కాప్ రే తే! కాప్!"

"వద్దు సాహెబ్!" సుందరాబాయి గొంతు చీరుకుపోయింది. "కొంగు ఇంక రాలే. ముగియనియ్యండి. మొదాల్ కోసినందుకే గిదంత అయింది. ఇంకోపారి కోస్తే మళ్లా మొదటికెల్లి నెయ్యాలె..."

ఆ మాటలు మంచం మీదున్నవాడికి స్పష్టంగా వినపడ్డాయి. కొయ్యొద్దని అరవాలనుకున్నాడు. ఖానావళి పోనీ, తాళం వేయనీ, బతికినన్నాళ్లూ సాంచె ముందు నిలబడతాను, కొయ్యొద్దు. నోరు తెరిచాడు. సాంచెల చప్పుడులో అతని గొంతు అతనికే వినపడలేదు.

పనివాడి కత్తి ఆడింది.

సిద్ధరాములు కాళ్లు ఆగిపోయాయి. దుప్పటి కదల్లేదు. చాంబర్‌లో మిగిలిన చివర మెల్లగా, ఎవరో చుట్టుకుంటున్నట్టు, పైపులోకి జారిపోయింది. ద్రౌపది పరుగున వచ్చి అతని కాళ్లు పట్టుకుంది. "ఆగినయ్... ఆగినయ్!" అని ఏడుస్తూ నవ్వింది.

అతను కళ్లు మూసుకుని నిండుగా ఊపిరి తీసుకున్నాడు. గంజి వాసన వచ్చింది.

మంచం చివర గాలిలోకి వేలాడుతున్న ఎడమ అరికాలికి ఏదో వచ్చి ఆనింది. నున్నటి చెక్క. ఒక పక్క కాలిపోయి ఉంది. ఇంకా వేడిగా ఉంది.